ఆదివారానికి నలుగురు

"రేపు మంచిర్యాలకు నేను రాను. ఆదివారం డ్యూటీ పెట్టిండ్రు, డబుల్ జీతం. ఎవడిడుస్తడు?" అన్నాడు సదయ్య, మొహానికి పట్టిన బొగ్గు మసి కడుక్కుంటూ.

తోటకూర కట్టలు కడుతున్న అతని భార్య అనసూర్య చెయ్యి ఆగింది. మంచిర్యాలలో పోటీలకు వెళ్లే ఆడపిల్లల ఖోఖో జట్టు వెంట నలుగురు పెద్దవాళ్లు రావాలని డ్రిల్లు సారు చెప్పిన రోజు, ఆదివారం ఎలాగూ సెలవే కదా అని నలుగురు తండ్రులు ఎగబడి సంతకాలు చేశారు. నలుగురిదీ ఒకటే గని. రేపు నలుగురూ గనిలోనే ఉంటారు. సాయంత్రం ఆరు లోపల వేరే పేర్లు ఇవ్వకపోతే జట్టు ఆగిపోతుంది. ఆ జట్టు కెప్టెన్ తన బిడ్డ సుగుణ.

"అమ్మలం మేం పోతం."

సదయ్య పకపకా నవ్వాడు. "మీరు పోతె ఇంట్ల పనెవలు చేస్తరు? ఖోఖో అంటె కూరగాయల బేరమనుకున్నవా?"

బేరమే, అనుకుంది అనసూర్య. పదకొండేళ్లుగా ఈ క్వార్టర్ల మధ్య గంప మోస్తోంది. ఏ ఇంట్లో మగవాడు ఏ షిఫ్టో, ఎవరి పొయ్యి ఎప్పుడు వెలుగుతుందో ఆమెకు తెలిసినంత గని గుమాస్తాకు కూడా తెలియదు. మగవాడి షిఫ్టు మారిన ప్రతిసారీ ఆడదాని నిద్ర మారుతుంది. దానికి హాజరు వేసేవాడు లేడు. ఇంట్లో మూడు షిఫ్టులూ ఒక్కతే చేస్తుంది. ఆమెకు ఆదివారమూ లేదు, డబులూ లేదు. అలాంటప్పుడు ఒకరి పని ఒకరికి మార్చి ఒక్క రోజు గడించలేమా?

గంప ఎత్తుకుని బయటపడింది. మొదట, సంతకం చేసిన తండ్రుల్లో ఒకడైన ఎల్లన్న భార్య సారవ్వ ఇల్లు.

"నేనెట్లస్త అక్కా? నల్లా పదింటికొస్తది, ఐదు బిందెలు పట్టాలె."

"పూలమ్మ పడ్తది."

"దానికేం పట్టింది?"

"సోమవారం దాని పిల్లగాన్ని నువ్వు చూస్తవ్. మాట్లాడి పెట్టిన."

నిజానికి ఇంకా మాట్లాడలేదు. రెండు గుమ్మాల అవతల ఉండే పూలమ్మ దగ్గరికి వెళ్లి అప్పుడే మాట్లాడింది. నాలుగిళ్లకూ అన్నం వండడానికి అదే వరుసలో ఉండే లింగవ్వ ఒప్పుకుంది. "మా ఇంటాయన తిడితె నీ పేరే చెప్త," అని బెదిరించి మరీ ఒప్పుకుంది. మిగతా ఇద్దరు తల్లులనూ ఇలాగే ఒప్పించడంతో ఐదున్నరకల్లా నలుగురు తయారయ్యారు. అనసూర్య బడి మైదానానికి దాదాపు పరుగెత్తింది. వెనక సారవ్వ కొంగు బిగించి ఉరుకుతోంది.

"తండ్రులు రారా అమ్మా?" అన్నాడు డ్రిల్లు సారు.

"నలుగురు పెద్దోళ్లన్నరు గద సార్. మేం చిన్నపిల్లల లెక్క కనపడ్తున్నమా?"

ఆయన నవ్వి కలం తీశాడు. "పేర్లు చెప్పండి."

"ఎల్లన్న భార్య," అంది సారవ్వ అలవాటుగా.

"గట్ల గాదు సార్," అంది అనసూర్య. "సారవ్వ అని రాయుండ్రి."

తెల్లవారి బస్సులో రామగుండం చేరి రైలెక్కారు. వంతెన మీద రైలు దడదడలాడుతుంటే సారవ్వ కిటికీ కమ్మీలు వదల్లేదు. "పెండ్లయి ఇరవై ఏండ్లాయె అక్కా, గోదారి దాటుడు గిదే మొదలు!" అంది. ఆట చివరి నిమిషంలో సుగుణ మెరుపులా తిరిగి ఆఖరి పిల్లను ముట్టుకున్నప్పుడు, నలుగురు తల్లులూ వేసిన కేకకు మైదానం మొత్తం ఇటు తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి సదయ్య లింగవ్వ పంపిన గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు.

"గెల్సినం! వచ్చే ఆదివారం కరీంనగర్," అంది అనసూర్య, చెప్పులు విడవకుండానే.

"మల్లా? లింగవ్వకు చెప్పినవా మరి, వండుమని?"

"లింగవ్వ గూడ మాతోనే వస్తంది."

సదయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. అనసూర్య బిడ్డ దగ్గరి నుంచి నోటుబుక్కు అందుకుని అతని ముందు పెట్టింది. రైల్లోనే సుగుణ చేత రాయించిన జాబితా అది. నల్లా నీళ్లు: సదయ్య. నాలుగిండ్ల అన్నం: ఎల్లన్న. కింద ఇంకో ఇద్దరి పేర్లు.

పెన్సిలు అతని ఎడమచేతికి అందించింది.

"సంతకం చెయ్యి. పోయినసారి అందరికంటె ముందు నువ్వే చేసినవు గద."