మూడో పిలుపు

ఆ ఆదివారం తెల్లవారేసరికి చిట్కుల్ మీద ఆకాశం రెండు రంగుల్లో ఉంది. కంది వైపు మామూలు శ్రావణమాసపు మబ్బు, తడిసిన గొంగడి రంగులో. ఇస్నాపూర్ వైపు అదే మబ్బు ఫ్యాక్టరీల దీపాల వెలుగు తగిలి, పండుబారిన ఆకులాగా పచ్చగా ఉంది. చినుకు లేదు, గాలి లేదు. పొగగొట్టాల్లోంచి వచ్చిన పొగ కూడా పైకి పోదామా వద్దా అన్నట్టు అక్కడక్కడే నిలబడింది.

బాలప్ప మోటర్ సైకిల్ పక్కన నిలబడి ఆ పచ్చదనాన్ని చూస్తున్నాడు. వెంకటేశం భార్య అరుణమ్మ గేటు దాకా వచ్చి సంచి చేతికిచ్చింది. అందులో అరటిపండ్లు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల సీసాలు.

"మూడు దినాల సంది జెరం బాలప్పా ఆయనకు. గోలి మింగి పోయిండు. వద్దంటే ఇంటడా? పట్నంల ఉరుకుడు నలభై రెండు కిలోమీటర్లట! బస్సుల పోతెనే నడుము గుంజుతది నాకు."

బాలప్ప సంచిని హ్యాండిల్‌కు తగిలించాడు.

"లెక్కల సారు ఎంబడున్నడు గని, సారు ముంగట ఉరుకుతడు. ఈయనను సూసుకునేటోనివి నువ్వే. కాలు తడబడ్డదనుకో, పిలిచి ఆపు. నువ్వు పిలిస్తే ఆగుతడు."

"సరే వదినా" అన్నాడు.

అన్నాడు గాని, బాలప్ప ఎవరినీ పేరు పెట్టి పిలవక ఎనిమిది నెలలయింది. పొలంలో కూలివాళ్లను చెయ్యి ఊపి పిలిచేవాడు. ఇంట్లో భార్య సోమమ్మను పిలవాలంటే తలుపు మీద వేలితో కొట్టేవాడు. "నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా ఏంది? నేను పెండ్లాన్నా, కిరాయికున్నదాన్నా, తలుపు కొడ్తున్నవ్?" అని ఆమె తిట్టి తిట్టి ఊరుకుంది.

అంతకుముందు వాళ్లు నలుగురు పరుగెత్తేవాళ్లు. అరుణమ్మ భర్త వెంకటేశం కంపెనీలో ఫిట్టర్, యాభై రెండేళ్లవాడు. పరంజ్యోతి సంగారెడ్డి బడిలో లెక్కల సారు. మల్లేష్ అందరిలో చిన్నవాడు, కందిలోని కాలేజీలో తోటపని చేసేవాడు. నాలుగోవాడు బాలప్ప, ఎకరంన్నర కూరగాయల తోట, మిగతా పూట ప్యాకింగ్ డ్యూటీ. పొద్దు పొడవకముందే హైవే పక్కన సర్వీసు రోడ్డు పట్టుకుని కంది దాకా పోయి వచ్చేవాళ్లు. ఎవరూ ఎవరినీ పిలవకూడదనేది వాళ్ల కట్టు. వెనకున్నవాడికి ఏదైనా కనబడితే చప్పట్లు కొట్టాలి. చప్పుడు వినగానే అందరూ రోడ్డు దిగి మట్టిలోకి దూకాలి.

ఆ కట్టు బాలప్ప తల్లి మల్లవ్వ నుంచి వచ్చింది. "బయలెల్లినోన్ని ఎన్కనుంచి పిలువొద్దు బిడ్డా" అనేది ఆమె. "చీకట్ల ఎవరన్న పిలిస్తే మూడోసారి దాకా పలుకొద్దు. మనిషైతే మూడుసార్లు పిలుస్తడు. కానిది ఒక్కసారే పిలుస్తది." పరంజ్యోతి మొదట నవ్వాడు. "బైబిల్ల లేదు గని, ట్రాఫిక్ రూలు లెక్క మంచిగనే ఉంది" అని తానూ చప్పట్లకు ఒప్పుకున్నాడు.

జనవరిలో ఒకరోజు పొగమంచు దట్టంగా పట్టింది. వెనకనుంచి, లైట్లు లేకుండా ఒక లారీ వచ్చింది. చివర ఉన్న బాలప్పకు అది ముందుగా కనబడింది. చప్పట్లు కొడదామంటే ఒక చేతిలో నీళ్ల సీసా. ఆ సీసా పారేయాలని తోచలేదు. "మల్లేశా!" అని ఒక్క కేక వేశాడు. మట్టిలోకి దూకాల్సిన మల్లేష్ ఎవరు పిలిచారా అని నిలబడి వెనక్కి తిరిగి చూశాడు.

లారీ గుద్ది మల్లేష్ పోయిన సంగతి అందరికీ తెలుసు. కేక సంగతి తనకొక్కడికే తెలుసని బాలప్ప అనుకున్నాడు. ఆ నెల నుంచే మోకాలు నొప్పి అని పరుగు మానేశాడు. మల్లేష్ పేరు మీద పట్నంలో మారథాన్ పరుగెత్తాలని వెంకటేశం పట్టుబట్టినప్పుడు, "నేను ఒడ్డున నిలబడ్త తీయ్" అన్నాడు.

*

పట్నంలో కేబుల్ బ్రిడ్జి దాటిన చోట జనం తిరునాళ్లలాగా ఉన్నారు. డప్పులు, గంటలు, అట్టముక్కల మీద రాతలు. బాలప్ప పక్కన ఒక కాలేజీ పిల్ల ఇత్తడి గంట పట్టుకుని, పరుగెత్తేవాళ్ల ఛాతీ మీది కాగితాల్లో పేర్లు చదివి గొంతు చించుకుంటోంది. మెడలో వేసుకున్న కార్డు మీద ఇంద్రజ అని ఉంది.

"అంకుల్, ఉత్త చప్పట్లేంది? పేరు పెట్టి పిలవండి. పేరు ఇంటే కాళ్లకు బలమొస్తది!"

"నా గొంతు మంచిది గాదమ్మా."

"నాది మాత్రం మంచిగున్నదా? పొద్దటి సంది కాకి లెక్క అర్సుడే" అని ఆ పిల్ల మళ్లీ గంట ఊపింది.

ముందు పరంజ్యోతి కనబడ్డాడు. సన్నటి మనిషి, బడికి ఆలస్యమైనవాడిలాగా చిన్న చిన్న అడుగులతో వస్తున్నాడు. బాలప్ప చప్పట్లు కొట్టి సీసా అందించాడు. సారు రెండు గుక్కలు తాగి, ఉన్నచోటనే అడుగులు వేస్తూ అడిగాడు.

"ఏం బాలప్పా, బండి మీద ఉరికించినవా? ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మీద పిలిచినవ్, గింతల ఈడ తేలినవ్."

"నేను ఫ్లైఓవర్ దిక్కే రాలే సారు. ఇస్నాపూర్ నుంచి సీదా ఈడికే వచ్చిన."

"నీ గొంతు నాకు తెల్వదా? గంత మందిల వెనకనుంచి ఒక్క కేక ఏసినవ్. తిరిగి చూస్తె లెవ్వు." సారు నవ్వబోయి, బాలప్ప ముఖం చూసి మానేశాడు. "ఎవరో అనుకుంట తీయ్. వెంకటేశం వస్తుండు, చూసుకో" అని కదిలిపోయాడు.

ఇరవై నిమిషాల తర్వాత వెంకటేశం వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. చెమట ఆరిపోయి చెంపల మీద ఉప్పు తెల్లగా కట్టింది. సీసా తీసుకున్న చెయ్యి బాలప్ప వేళ్లకు తగిలింది, పెనంలాగా కాలిపోతోంది.

"అన్నా, ఇగ చాలు. కూసో."

"కూసుంటే లేస్తనారా?" వెంకటేశం బాలప్ప ముఖంలోకి కాకుండా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. "నువ్వేంది, ఒక్కసారే పిలిచి ఊకుంటున్నవ్? రెండు తావుల తిరిగి చూసిన. మళ్ల పిలిస్తే పల్కుదును గదా."

చుట్టూ డప్పుల మోత, పిల్లల అరుపులు, మబ్బు పట్టినా తెల్లటి పగలు. అయినా సర్వీసు రోడ్డు మీది మంచు వాసన బాలప్ప ముక్కుకు తగిలింది.

"పల్కకు అన్నా. ఎవరు పిలిచినా పల్కకు."

"ఎందుకు?"

బాలప్ప సంచిలోంచి అరటిపండు తీసి అతని చేతిలో పెట్టాడు. ఎందుకో చెప్పాలంటే జనవరి నుంచి మొదలుపెట్టాలి. వెంకటేశం అరటిపండు నోట్లో కుక్కుకుని కదిలాడు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. బాలప్పను కాదు. బ్రిడ్జిని.

*

బాలప్ప బండి మీద ముందుగా చేరుకున్న ముప్పై ఐదో కిలోమీటరు దగ్గర జనం లేరు. ఒక పక్క పొడుగాటి రాతి గోడ, దాని వెనక తుమ్మచెట్లు. ఇంకో పక్క పరుగు దారికీ మామూలు రోడ్డుకూ మధ్య ఇనుప కంచెలు వరుసగా పెట్టారు. కొంచెం ముందు, అడ్డరోడ్డు కలిసే చోట, మనిషి దూరేంత సందు వదిలారు. సందు అవతల బండ్లు జోరుగా పోతున్నాయి. చినుకులు మొదలయ్యాయి. హోంగార్డు ఒకడు ప్లాస్టిక్ కవరు నెత్తికి చుట్టుకుని నిలబడ్డాడు.

పరుగెత్తేవాళ్లు ఒక్కొక్కరుగా వస్తున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. తడి రోడ్డు మీద బూట్ల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. పరంజ్యోతి చెయ్యెత్తి దాటిపోయాడు. తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు.

అప్పుడు వినబడింది.

"మల్లేశా!"

అడ్డరోడ్డు వైపు నుంచి. బాలప్ప పెదవులు బిగించే ఉన్నాయి. ఫోన్లో మన మాట రికార్డు చేసి వింటే ఎట్లా మనది కానట్టు, మనదే అయినట్టు ఉంటుందో అట్లా ఉంది ఆ గొంతు. చివర కొంచెం చీలింది. జనవరిలో కూడా అక్కడే చీలింది.

"నన్నా పిలిచినవ్?" హోంగార్డు అడిగాడు. "నా పేరు మల్లేష్ గాదు కాకా."

"నేను పిలువలే."

"మరి ఎవరు పిలిచిన్రు? నీ గొంతే గదా."

మలుపు దగ్గర వెంకటేశం కనబడ్డాడు. పరుగూ కాదు, నడకా కాదు. నిద్రలో లేచినవాడిలాగా ఒక పక్కకు వంగి వస్తున్నాడు. బాలప్ప సీసా చాచాడు. వెంకటేశం సీసాను చూడలేదు, మనిషినీ చూడలేదు. దాటి ముందుకు పోయాడు. పది అడుగులు పోయాక అతని తల అడ్డరోడ్డు వైపు తిరిగింది. తల వెంట కాళ్లూ తిరిగాయి. నేరుగా కంచెల మధ్య సందులోకి నడుస్తున్నాడు.

అతను ఏమి విన్నాడో బాలప్పకు తెలుసు.

సీసా పారేసి చప్పట్లు కొట్టాడు. తడిచేతుల చప్పుడు వానలో కలిసిపోయింది. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ ఉరికాడు. వెంకటేశం సందు దాటాడు. అవతల నీళ్ల ట్యాంకర్ హారన్ కొట్టుకుంటూ వస్తోంది. వెంకటేశం పెదవులు కదులుతున్నాయి, ఎవరికో జవాబు చెప్పబోయే మనిషి పెదవుల్లాగా.

వెనకనుంచి పిలవాలి. పిలిస్తే నిలబడి తిరిగి చూస్తాడు. మల్లేష్ అట్లాగే చూశాడు.

"వెంకటేశన్నా!"

ఆ కేక అచ్చం జనవరి నాటి కేకలాగానే వచ్చింది. వెంకటేశం ఆగలేదు. ఇంకో అడుగు వేశాడు. ఒక్కసారి పిలిచేవాళ్లకు అతను పొద్దుటి నుంచి అలవాటు పడ్డాడు.

"వెంకటేశన్నా!"

అడుగు నెమ్మదించింది.

"వెంకటేశన్నా! నేను, బాలప్పను!"

మూడోసారికి వెంకటేశం నిలబడ్డాడు. ఒక కాలు బండ్లు పోయే రోడ్డు మీద, ఒక కాలు దాని అంచు గట్టు మీద. కాలిని వెనక్కి తీసుకుని, "ఆఁ" అన్నాడు. అతని ముందు నుంచి ట్యాంకర్ దూసుకుపోయింది. అది చిమ్మిన నీళ్లు ఇద్దరినీ నడుముల దాకా తడిపాయి.

వెంకటేశం గట్టు మీద కూలబడ్డాడు. హోంగార్డు విజిల్ వేసుకుంటూ అంబులెన్సు కోసం పరుగెత్తాడు.

*

పరుగు ముగిసే స్టేడియంలో డాక్టరు పిల్లవాడు చెయ్యి పట్టి చూసి, సెలైన్ ఎక్కించి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. మోటర్ సైకిల్‌ను స్టేడియం దగ్గరే వదిలి ముగ్గురూ పరంజ్యోతి కారులో బయలుదేరారు. సారు తన మెడలోని పతకం తీసి డ్యాష్‌బోర్డులో పడేశాడు. లింగంపల్లి దాటింది, బీరంగూడ దాటింది. వైపర్లు ఆడుతున్నాయి.

పటాన్‌చెరు దగ్గర లారీల వెనక కారు ఆగినప్పుడు బాలప్ప అన్నాడు.

"ఆ దినం మల్లేష్‌ను పిలిచింది నేనే అన్నా."

వెంకటేశం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "తెల్సు."

"నేను పిలువకపోతే దుంకుతుండె."

"తెల్సురా. నేను ముంగట్నే ఉన్న గదా. ఇన్న."

పరంజ్యోతి అద్దంలో ఒకసారి ఇద్దరినీ చూశాడు. అతను కూడా విన్నాడో లేదో ఎవరూ అడగలేదు.

"మరి గిన్ని దినాలు ఎందుకు అడుగలే?"

"నువ్వు చెప్తవని." వెంకటేశం కళ్లు మూసుకున్నాడు. "ఇయ్యాల కూడ గా గొంతు నన్ను పిలుస్తలేదని తెల్సు నాకు. మల్లేష్ పేరే మంచిగ ఇనబడ్డది."

"తెల్సి ఎందుకు పోయినవ్?"

"ఫ్లైఓవర్ కాడి సంది పిలుస్తనే ఉన్నది. జెరంల ఏం తోస్తది? ఎవరన్న పల్కాలె గదా, పాపం అనిపించింది."

ముందు లారీలు కదిలాయి. కారూ కదిలింది. వాన జోరందుకుని పక్కనున్న కంపెనీల గోడలు కనబడకుండా పోయాయి.

అరుణమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. మొగుని ముంజేతికి అంటించిన దూది చూసింది. బాలప్ప బట్టల మీది బురద చూసింది. లోపలికి పోయింది. వంటింటి ముందు చాప పరిచి మూడు పళ్లాలు పెట్టింది. కొంచెం ఆలోచించి తనకూ ఒకటి పెట్టుకుని కూర్చుంది. వేడి అన్నం, సొరకాయ పప్పు, పచ్చిపులుసు.

పరంజ్యోతి కళ్లు మూసుకున్నాడు. అతని పెదవులు చప్పుడు లేకుండా కదిలినంతసేపూ మిగిలిన ముగ్గురూ అన్నంలో చెయ్యి పెట్టకుండా ఆగారు. అతను కళ్లు తెరిచాక తినడం మొదలుపెట్టారు. కేకలు వేసిన గొంతులో బాలప్పకు ముద్ద దిగడం లేదు. వెంకటేశం అతని వైపు చూడకుండానే పచ్చిపులుసు గిన్నెను కొంచెం దగ్గరికి జరిపాడు. బాలప్ప అన్నం మీద పోసుకుని, పలచగా కలుపుకుని మింగాడు. అరుణమ్మ ఇంకొంచెం అన్నం వేసింది. వాన చప్పుడులో నలుగురూ తల వంచుకుని తిన్నారు.