వదిలేసిన పదో లెక్క

లెక్కలు నాకు రావని ఎవరైనా అంటే ఊరుకోను. లెక్కలు నాకు బ్రహ్మాండంగా వచ్చు. మార్కులే రావు. నేను దగ్గర కూర్చోబెట్టి నేర్పిన పిల్లలకి పదికి పది పడేవి. అదే లెక్క చేసిన నాకు ఆరు. మధ్యలో ఎక్కడో ఒక మైనస్ జారిపోయేది, అంతే. "నిర్లక్ష్యం" అనేవాడు నాన్న. పొద్దున లేస్తే అదే మాట, పడుకోబోతే అదే మాట. విని విని ఒళ్ళు మండిపోయేది.

నాకు పాలిటెక్నిక్‌లో యంత్రాల కోర్సు చదవాలని. దాని ప్రవేశ పరీక్ష మొత్తం లెక్కలే. పది ప్రశ్నలు, ఒక్కోదానికి పది మార్కులు, మూడు గంటలు. ఎవరినైనా రెండుసార్లే రాయనిస్తారు. మొదటిసారి సీటు ఎనభై నాలుగు దగ్గర ఆగింది. నాకు ఎనభై ఒకటి. మూడంటే మూడు మార్కులు! రెండోసారి కూడా పోతే ఇక ఆ గేటు వైపు చూడక్కర్లేదు. నాన్న తన ఆఫీసులో టైపిస్టు పనికి అప్పుడే మాట వేసి ఉంచాడు. ఉత్తరాలు కొట్టుకుంటూ బతకడమా, నేనా!

అప్పుడు రంగంలోకి దిగింది మా అత్త. నాన్నకి అక్క. కళ్ళద్దాల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. ఆవిడ నోరు అద్దాలు అరగదీసే రాయికంటే గరుకు.

"ఒరే, నిర్లక్ష్యం నిర్లక్ష్యం అని రోజంతా అంటూ కూర్చుంటే తగ్గుతుందా?" అని నాన్నని కసిరి, నా వైపు తిరిగింది. "ఏమే, నీ పాత పేపర్లన్నీ తీసుకుని రేపు షాపుకి రా."

వెళ్ళాను. వెనకగదిలో పొడుగాటి బల్ల, తిరిగే రాయి మీద సన్నగా కారే నీళ్ళు, తీగకి వేలాడే ఫ్రేములు. అత్త నా ముందు నాలుగు ఖాళీ డబ్బాలు పెట్టింది.

"పాడైన అద్దాలు మేం వెంటనే పారెయ్యం. గీత పడినవి ఒక డబ్బాలో, అంచు పగిలినవి ఒక డబ్బాలో, పవరు తప్పినవి ఇంకో దాంట్లో వేస్తాం. నెలాఖరుకి ఏ డబ్బా నిండిందో చూస్తే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది. నీ తప్పులు కూడా ఒక్కోటీ చీటీ మీద రాసి అలాగే వెయ్యి."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చున్నాను. మధ్యాహ్నానికి నలభై మూడు చీటీలు తేలాయి. వాటిలో ముప్పై ఒకటి ఒకే డబ్బాలో! బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే, విప్పేటప్పుడు లోపల మొదటిదానికే గుర్తు మార్చి, రెండోదాన్ని అలాగే ఉంచేస్తున్నాను. ఎందుకంటే ఆ మెట్టు కాగితం మీద రాయను. బుర్రలోనే దాటేస్తాను. గొప్ప కదా మరి!

"చూశావా?" అంది అత్త. "నువ్వు చేసేది దాదాపు ఒక్కటే తప్పు. దాన్నే ముప్పై ఒక్కసార్లు చేశావు. ఇకనుంచి బ్రాకెట్ విప్పితే దానికో వరస విడిగా రాయి. సరే, చేసిన లెక్కని సరిచూస్తావా?"

"ఎందుకు చూడనూ!"

"ఎలా చూస్తావో చూపించు."

వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుతూ తలాడించాను. అత్త పగలబడి నవ్వింది.

"అది సరిచూడటం కాదే తల్లీ, నీకు నువ్వే శభాష్ చెప్పుకోవడం! ఇటు చూడు."

డాక్టరు రాసిన చీటీని బల్ల మీద బోర్లించింది. బిగించిన అద్దాన్ని పవరు కొలిచే యంత్రం కింద పెట్టి, కనిపించిన అంకె వేరే కాగితం మీద రాసింది. ఆ తర్వాతే చీటీ తిప్పి రెండూ పోల్చింది.

"చీటీ చూస్తూ కొలిస్తే చీటీలో ఉన్నదే కంటికి కనిపిస్తుంది. కొత్తలో నేను మైనస్ రెండుకి ప్లస్ రెండు బిగించి, చీటీ చూస్తూనే కొలిచి, బాగుందని ఇచ్చేశాను. అవి పెట్టుకున్న పెద్దాయన షాపు మెట్లు దిగబోయి మా గుమాస్తా మీద పడ్డాడు."

ఆ రోజునుంచి చేసిన లెక్కని అట్టముక్కతో మూసి, వచ్చిన జవాబుని ప్రశ్నలో పెట్టి చూడటం మొదలుపెట్టాను. పరీక్షలో చివరి నలభై ఐదు నిమిషాలూ ఆ పనికే అని అత్త ఒట్టు వేయించుకుంది.

"అప్పటికి ఒక లెక్క మిగిలిపోతే?" అన్నాను.

"మిగిలిపోనీ."

ఒట్టు వేశాను గానీ, మనసొప్పి వెయ్యలేదు.

పరీక్ష రోజు రెండుంపావు గంటల్లో తొమ్మిది లెక్కలు పూర్తయ్యాయి. పదోది చూస్తే నోరూరింది. ఆ నెలలో అలాంటివి కనీసం ఇరవై చేశాను. పళ్ళు బిగబట్టి పేజీ వెనక్కి తిప్పాను. మొదటి ఐదూ చక్కగా కుదిరాయి. ఆరోది కుదరలేదు. బ్రాకెట్లు చూశాను, బాగానే ఉన్నాయి. మైనస్‌లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరికి నా మొదటి వరసని ప్రశ్నతో పోల్చి చూస్తే, ప్రశ్నలో ఉన్నది ఎనిమిది, నేను దించుకున్నది మూడు! ఏ డబ్బాలోనూ లేని తప్పు. మొత్తం కొట్టేసి మళ్ళీ చేశాను.

గడియారం చూస్తే ఇంకా పద్దెనిమిది నిమిషాలు. ఉరుకులు పరుగుల మీద చేస్తే పదో లెక్క అయిపోతుంది, పది మార్కులు. కానీ ఏడు, ఎనిమిది, తొమ్మిది ఇంకా చూడలేదు. అవి బాగానే ఉంటాయిలే అనిపించింది. ఇన్నేళ్ళూ నాకు అలాగే అనిపించింది కదా! నా మీద నాకే కోపం వచ్చి ఏడోది తీశాను. అది బాగుంది. ఎనిమిదోదీ బాగుంది. తొమ్మిదోదాంట్లో, తొందరలో, బ్రాకెట్‌ని బుర్రలోనే విప్పేశాను. సరిచేసి చివరి వరస రాస్తుండగా గంట కొట్టారు.

గేటు దగ్గర పిల్లలందరూ పదోదాని గురించే. "ఎంత తేలికో! చిన్నపిల్లలైనా చేస్తారు." నాన్న అక్కడే నిలబడి అంతా విన్నాడు. ఇంటికి వచ్చాక అన్నాడు:

"వచ్చిన లెక్కని చేజేతులా వదిలేసి వచ్చావా?"

"వదిలేశాను. మిగతా తొమ్మిదింట్లో ఒక్క తప్పు చూపించండి చూద్దాం!"

గట్టిగానే అన్నాను. కానీ ఫలితాలు వచ్చేదాకా మూడు వారాలు అన్నం సహించలేదు.

ఈసారి సీటు ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. నాకు తొంభై.

నాన్న మార్కుల కాగితాన్ని బల్ల మీద పరిచి వేలు పెట్టి చూశాడు. పది, పది, పది. తొమ్మిదిసార్లు పది. చివర్న "రాయలేదు". మళ్ళీ పైనుంచి చూశాడు.

"ఆ పదోది నీకు నిజంగా వచ్చా?" అన్నాడు.

"వచ్చు."

"ఏదీ, చెయ్యి."

ప్రశ్నపత్రం, ఓ తెల్లకాగితం తీసుకుని అక్కడే కూర్చున్నాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నాన్న నా ఎదురుగా కుర్చీ లాక్కుని, కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. జవాబు కింద గీత గియ్యగానే కాగితం అందుకుని, చదవకుండానే నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"సరిచూడరా?" అన్నాను.

"అక్కర్లేదమ్మా. నువ్వు చేశావుగా."

నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. అయినా చెయ్యి చాపాను.

"ఇటివ్వండి నాన్నా. నేనింకా సరిచూసుకోలేదు."