సూది గదికి బుడగ అక్షరాలు

మా అన్నయ్య కూతురికి రెండో జడ అల్లుతున్నాను. ఇంట్లో అందరికీ అది పిడుగు. రోజూ గోడకు ఎదురుగా కూర్చుని, వాళ్ల నాన్న అతికించిన అక్షరాలను గట్టిగా చదువుతూ తల ఊపేస్తుంది. ఇవాళ గోడకు వీపు పెట్టి కూర్చుంది.

"ఇటు తిరగవే, వెలుతురు చాలట్లేదు."

"తిరగనత్తా. అవి మోసం అక్షరాలు."

ముందుగదిలో అన్నయ్య స్టిక్కర్లు కోసే మిషన్ ఆగింది.

ఆ అక్షరాలు అన్నయ్య సొంతంగా గీసినవి. పుస్తకం తెరిస్తే చాలు, పిడుగు మంచం కిందికి దూరేది. అందుకని ఎక్కడా ఒక్క మూల లేకుండా, గాలి ఊదినట్టు లావుగా, గుండ్రంగా గీశాడు. ప్రతిదాని బుగ్గ మీదా ఒక తెల్లటి మెరుపు. 'ఠ'ను చూస్తే ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. వాటితోనే అది చదవడం నేర్చుకుంది. తర్వాత బొమ్మల కొట్టువాళ్లు, ఐస్‌క్రీమ్ బండివాళ్లు అడిగి మరీ రాయించుకున్నారు.

పోయిన వారం పిల్లల ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. సూది గది గుమ్మం దగ్గరే పిల్లలు బిగుసుకుపోతున్నారని చెప్పింది. అన్నయ్యకు హుషారొచ్చింది. "ఆటల గది" అని కోసి, ఆ తలుపు మీద అతికించి వచ్చాడు. పిల్లలు నిజంగానే పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లారట.

నిన్న పిడుగు వంతు.

అన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు. "సూది ఎలాగూ తప్పదు కదా తల్లీ. ఏడవకుండా వెళ్తారనే అలా రాశాను."

"వెళ్లేటప్పుడు ఏడవలేదులెండి," వంటగదిలోంచి వదిన అందుకుంది. "ఆ ఏడుపు కూడా కలిపి వచ్చేటప్పుడు ఏడ్చింది. నా భుజమంతా తడిసి ముద్దయింది."

"నువ్వూరుకో. ఇంకో రెండు ఆసుపత్రులవాళ్లు కావాలంటున్నారు. బాగోకపోతే అడుగుతారా?"

"వాళ్లు అడుగుతారు. పిల్లల్నెవరు అడిగారు?"

అన్నయ్య కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "సాయంత్రం బొమ్మల కొట్టుకు వెళ్దామా?"

"దాని మీద కూడా నీ అక్షరాలే కదా. లోపల ఏముంటుందో ఎవరికి తెలుసు?"

వదినకు నవ్వొచ్చింది గానీ, అన్నయ్య మొహం చూసి మింగేసింది.

"అది కాదురా..."

"మా నాన్నే రాశాడని వరుసలో అందరికీ చెప్పాను నాన్నా," అంది పిడుగు, గొంతు తగ్గించి. "ఒక చిన్న పాప రానంది. నేనే దాని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను."

నా చేతిలో జడ పాయలు అలాగే ఉండిపోయాయి.

అన్నయ్య లేచాడు. అలమరలోంచి వదిన హెయిర్ డ్రయర్ తీశాడు. అతుక్కున్న స్టిక్కర్ వేడి తగిలితే చిరగకుండా ఊడుతుంది. ఆసుపత్రి తలుపు మీద గీతలు పడకుండా గీకే ప్లాస్టిక్ బిళ్లను జేబులో వేసుకున్నాడు.

"తినేసి వెళ్లండి," అంది వదిన.

చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.