ముందొచ్చింది ముందు పోవాలట

చిన్నకోడలికి ఒళ్ళు మండిపోతోంది. రక్తపరీక్షల ల్యాబ్‌కి సాఫ్ట్‌వేర్ రాసింది తను. తను పనిచేసే కంపెనీ మాత్రం బావగారిది, అంటే భర్త అన్నగారిది. అందుకని ఆయన వేలు పెట్టని చోటు లేదు.

అందులో ఉన్నవి మూడే భాగాలు. మొదలెట్టేటప్పుడు ఫలితాలు దాచే భాగం ముందు లేవాలి, వాటిని సరిచూసేది తర్వాత, మిషన్‌తో మాట్లాడేది చివర. ఆపేటప్పుడు సరిగ్గా తలకిందులుగా ఆపాలి. చొక్కా మీద కోటు వేసుకున్నవాడు ముందు కోటే కదా విప్పుతాడు. ఇంత చిన్న సంగతి చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది. దున్నపోతు మీద వాన.

"ఆపడానికి ఇంతసేపా? ముందొచ్చింది ముందు పోవాలి, అదీ న్యాయం," అని నిన్న ఆయనే వరస మార్చేశాడు. ఈ మధ్యాహ్నం కరెంటు పనివాడు వస్తే ల్యాబ్‌వాళ్ళు అంతా ఆపి మళ్ళీ పెట్టారు. దాచే భాగం ముందే పడుకుంది. మిగతా రెండింటి చేతుల్లో ఉన్న ఫలితాలు గాలికి పోయాయి. పరీక్ష అయిపోయిందనుకుని రక్తం గొట్టాలు కూడా అప్పటికే పారేశారు.

పోయినవాటిలో అత్తయ్యది ఒకటి. రేపు ఆమెకు ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది ఆ ఫలితం మీదే ఉంది. పొద్దున నర్సుకి నరం దొరక్క ఆ ముసలి చెయ్యి కమిలిపోయింది.

ఆమే బావగారూ ల్యాబ్‌కి పరిగెత్తారు. చేరగానే ఆమె వరస సరిచేసింది. పోయిన ఫలితాలు మాత్రం తిరిగి రావు.

"మిషన్ పాడైందని చెప్పేయమ్మా," అన్నాడు బావగారు గొంతు తగ్గించి.

ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. ఇంటికి పెద్దవాడని ఇన్నాళ్ళూ నోరు కట్టుకుంది. ఇక చాలు.

"నేను చెప్పను. మీ అమ్మకి మీరే చెప్పండి."

అత్తయ్య ఫలితం కోసం బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆయన దగ్గరికెళ్ళి, "అమ్మా, మళ్ళీ రక్తం తీయాలిట. మిషన్ కాస్త..." అని నసిగాడు. ఆమె కొడుకుని వదిలేసి కోడలి మొహం చూసింది.

"మిషనేనా అమ్మాయ్?"

"కాదత్తయ్యా. బావగారే."

అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. రెండో చెయ్యి చాచి, "పట్టుకోరా," అంది.

ఆయన పట్టుకున్నాడు. నర్సు గుచ్చింది. నరం దొరకలేదు. సూది తీసి మళ్ళీ గుచ్చింది. అత్తయ్య పళ్ళు బిగించింది. బావగారు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇటు చూడండి బావగారూ," అంది చిన్నకోడలు.