కాగిన నూనె

గుడివాడ బస్టాండు దగ్గర సుగుణ బజ్జీల కొట్టులో దేవుడి పటం కన్నా పైన ఒక సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అరుణకుమారి ట్రైనింగ్ పెట్టి మరీ ఇచ్చినది. ఇరవై ఏళ్లుగా బజ్జీలు వేస్తున్న మనిషికి నూనె కాచడం ఇంకొకరు నేర్పడమేమిటని సుగుణ మొదట్లో మూతి ముడుచుకుంది. ఆవిడ నూనె ఎంత చెడిందో చెప్పే మీటరు తెచ్చి బాణలిలో ముంచి చూపించాక ఒప్పుకుంది. అంకె ఇరవై అయిదు దాటిందా, ఆ నూనె ఇక మనుషుల తిండికి పనికిరాదు. డీజిల్ తయారుచేసేవాళ్లకి ఇచ్చెయ్యాలి. సుగుణ పంతం పట్టి తనూ ఒక మీటరు కొంది. బస్సు దిగినవాళ్లు సర్టిఫికెట్ చూసి మరీ లోపలికి వస్తుంటే కాస్త గర్వపడింది కూడా.

చిక్కంతా నల్లబడ్డ నూనెతోనే. డీజిల్ వ్యాను నెలకోసారి గానీ రాదు. అందాకా డబ్బాలు దాచడానికి కొట్లో చోటు లేదు. కాలవలో పోస్తే కేసు. పైగా నూనె పారబోస్తే ఇంటికి అరిష్టమని అత్తగారు బతికున్నన్నాళ్లూ చెప్పేది.

అప్పుడు వెంకాయమ్మ గుర్తొచ్చింది. భర్త పోయాక మనవరాలిని వెంటబెట్టుకుని పెదపారుపూడి నుంచి వచ్చి, కాలవగట్టున స్కూలు గేటు ఎదుట పునుగులు వేసుకుంటోంది. "నూనె ఉంది, ఊరికే ఇస్తాను, పట్టుకెళ్తావా?" అంటే ఆ మనిషికి కళ్లనీళ్లు తిరిగాయి. స్వామికార్యం, స్వకార్యం రెండూ తీరాయనుకుంది సుగుణ. మీటరు మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే తీసుకోదని తెలుసు.

నూనె ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇస్తే పగలొస్తాయంటారు. అందుకని రోజూ డబ్బా వెనకగుమ్మం మెట్టు మీద పెట్టేది, వెంకాయమ్మ వచ్చి తీసుకునేది. చర్చిలో మీ పేరు చెప్పి ప్రార్థన చేయించానండీ అని ఆవిడ ఓరోజు చెబితే, ఆ పూట సుగుణకి అన్నం సయించలేదు. అయినా మర్నాడు మళ్లీ పెట్టింది.

ఒక గురువారం స్కూల్లో ఎనిమిది మంది పిల్లలకి వాంతులయ్యాయి. అందరూ పునుగులు తిన్నవాళ్లే. సాయంత్రానికి అరుణకుమారి వచ్చేసింది. శాంపిల్ తీసేటప్పుడు సాక్షి ఉండాలట. నమ్మకమైన మనిషి అని సుగుణకే కబురు పెట్టింది. రానంటే ఎందుకు రానన్నావంటారు. వెళ్లింది.

బాణలిలో ముంచితే మీటరు నలభై ఒకటి చూపించింది.

"ఈ నూనె ఎవరిచ్చారు వెంకాయమ్మగారూ?" అని అడిగింది అరుణకుమారి.

వెంకాయమ్మ ఒక్కసారి సుగుణ వంక చూసి తల దించుకుంది. "నా చేతికి ఎవరూ ఇవ్వలేదండీ."

అందులో అబద్ధం లేదు. సుగుణకి మాత్రం చెంప పగిలినట్టయింది.

"మరి ఎక్కడిది?"

"నాదేనండీ. నేనే పాడుచేసుకున్నాను."

నూనె నాలుగు సీసాల్లోకి పోసి సీలు వేశారు. రిపోర్టు వచ్చేదాకా పునుగుల బండి పెట్టకూడదన్నారు. కాగితం సుగుణ ముందుకి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా సంతకం పెట్టింది.

అరుణకుమారి సీసాలు పెట్టెలో సర్దుతుంటే వెంకాయమ్మ పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. "మీ పేరు బయటికి రానివ్వలేదమ్మా. మీరు మంచి నూనె ఇస్తే నేనే కాచీ కాచీ మాడ్చేశాను. ఆ పిల్లల ఉసురు నాకే తగలాలి. మీరేం అనుకోకండి."

తిట్టి ఉంటే సుగుణ తట్టుకునేదే. ఆ మనిషి తననే క్షమాపణ అడుగుతుంటే మాత్రం నిలబడలేకపోయింది. సర్టిఫికెట్ పోతుంది, కేసవుతుంది, బస్టాండంతా నవ్వుతుంది. అన్నీ తెలిసే గబగబా అరుణకుమారి దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, నా సంతకం కొట్టెయ్యండి."

"ఏమైందండీ?"

"ఆ నూనె నాది. రోజూ నేనే ఇస్తున్నాను."

అరుణకుమారి చేతిలోని సీసా కింద పెట్టింది. "మీ దగ్గర మీటరుంది కదా. చూడకుండా ఇచ్చారా?"

"చూసే ఇచ్చాను. ఇరవై అయిదు దాటాకే ఇచ్చేదాన్ని."

చెప్పేస్తే గుండె బరువు దిగుతుందనుకుంది. వెనక్కి తిరిగితే వెంకాయమ్మ అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది. ఆ మొహంలో కోపం ఉన్నా బాగుండేది.

"పనికిరాదని తెలిసే ఇచ్చారా అమ్మా?" అంది మెల్లగా. "మా మనవరాలికి కూడా రోజూ అందులోనే వేసిపెట్టానండీ."