గది దాటని మాట

ఎదుటి కుర్చీలోని టైల్సు మేస్త్రీ తిట్టడం అయిపోయేదాకా ఆమె అడ్డు చెప్పలేదు. హెచ్ఐవీ పరీక్షకు ముందు చాలామంది తిడతారు. తిట్టి తిట్టి అలిసినవాడే చెప్పింది వింటాడని ఆమె అనుభవం. చివరికి అతడు రక్తం ఇవ్వడానికి ఒప్పుకుని, తలుపు దభాలున వేసి పక్కనున్న ల్యాబుకి వెళ్ళాడు. అతడి గోళ్ళలోంచి బల్లమీద రాలిన తెల్ల సిమెంటును ఆమె అరచేత్తో తుడిచేసింది.

ఆసుపత్రిలో విరిగిన మంచాలు పడేసే వరండా చివర ఉంటుంది ఆమె కౌన్సెలింగ్ గది. నర్సులు దాన్ని "ఆ గది" అంటారు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఒంటి బతుకు. తల్లి పోయాక చెల్లెల్ని కళ్ళలో పెట్టుకుని పెంచి పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేక ఊరుకుంది. చెల్లెలి మొగుడు ఆమెకు పెట్టిన పేరు "రోగాల వదిన". నలుగురిలో అలాగే పిలిచి నవ్వించేవాడు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చినవాడు ఆ చెల్లెలి మొగుడే.

"వేరే ఆసుపత్రికి వెళ్ళొచ్చుగా" అంది ఆమె.

"అక్కడ నోళ్ళు ఊరుకుంటాయా? ఇక్కడైతే మీరు ఎవరికీ చెప్పకూడదటగా, వదినా. రూలట."

స్నేహితుడికి రక్తం ఇవ్వబోతే బ్లడ్ బ్యాంకువాళ్ళు అనుమానంగా ఉంది, మళ్ళీ పరీక్ష చేయించుకో అన్నారట.

ఇంట్లో అతణ్ణి నువ్వు అనే మనిషి, ఇక్కడ కుర్చీ ముందుకు జరుపుకుని "మీరు" అంది. అందరినీ అడిగేవే అడిగింది. బయటి సంబంధాల దగ్గరికొచ్చేసరికి అతడు పళ్ళు కొరికాడు.

"సరదాగా ఉందా మీకు?"

నిజానికి, ఉంది. ఇన్నేళ్ళ ఎగతాళికి గుండెలో ఎక్కడో చల్లబడింది. అంతలోనే తనమీద తనకే రోత పుట్టి, తర్వాతి ప్రశ్న ఇంకా మెల్లగా అడిగింది.

మధ్యాహ్నం ఫలితం తెలిసిన కాసేపటికే చెల్లెలు ఫోన్ చేసింది. "ఈయన షాపుకి పోలేదటే అక్కా. నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుంది" అంది. అన్నం డబ్బా మూత తియ్యకుండానే పక్కకు నెట్టింది.

అతణ్ణి పిలిచి, ఉందని చెప్పింది. మందులున్నాయని, రోజూ వేసుకుంటే నిండుగా బతకొచ్చని, భార్యకు వెంటనే పరీక్ష చేయించాలని చెప్పింది. అతడు బల్లను కాలితో తన్నాడు.

"దానికి చెప్పావంటే నీ ఉద్యోగం ఊడుతుంది."

"నేను చెప్పను. మీరే చెప్పి ఇవాళే తీసుకురండి." ఆమె గొంతు తగ్గించింది. "తేలేదో, నిన్ను కంటినిండా నిద్రపోనివ్వను."

సాయంత్రం తీసుకొచ్చాడు. దారిలో ఏం చెప్పాడో, చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అతడు బయటే నిలబడ్డాడు. ఆమె చెల్లెల్ని ల్యాబుకి తీసుకెళ్ళి రక్తం ఇప్పించి, ఫలితం కాగితం తెచ్చింది.

"ఇప్పటికి నీకు లేదు" అంది అక్క. "మూడు నెలలాగి మళ్ళీ చూడాలి. అందాకా..."

"మధ్యాహ్నం ఫోన్ చేసినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"అయినా తెలీదన్నావు."

"ఇక్కడి మాట గది దాటకూడదే. అతడిదనే కాదు, ఎవరిదైనా."

"ఆయన నోటికి నిజం రాదని నాకెప్పుడో తెలుసు" అంది చెల్లెలు. "నువ్వూ అంతేనని తెలీదు."

అక్క చెయ్యి పట్టుకోబోతే చెల్లెలు వెనక్కి లాక్కుంది. సంచిలోంచి తాళాల గుత్తి తీసి, గోటితో రింగు విడదీసింది. గోరు విరిగినా ఆగలేదు. ఒక్క తాళంచెవి ఊడదీసి బల్లమీద పెట్టి లేచింది. మొగుడి వైపు చూడలేదు, అతని బండీ ఎక్కలేదు. గేటు దాటి ఒక్కతే నడిచిపోయింది.

"రావచ్చా మేడమ్?" తలుపు దగ్గర ఎవరో ముసలాయన.

"రండి, కూర్చోండి" అంది ఆమె.

బల్లమీద ఉన్నది ఆమె ఇంటి తాళంచెవే. ఆమెకు ఒంట్లో బాగోలేనప్పుడల్లా చెల్లెలు దాంతోనే తలుపు తీసుకుని వచ్చేది. గుర్తుండాలని చెల్లెలు పూసిన ఎర్రటి గోళ్ళరంగు అరిగిపోగా, ఇంకా ఒక అంచున కాస్త మిగిలి ఉంది.