పాస్‌పోర్టులో మొలిచిన రెండు పేజీలు

ఓష్ పట్టణంలో విదేశీయుల వీసాలు పొడిగించే ఆఫీసులో మూడో కిటికీ అనార్‌కుల్‌ది. పొద్దున్నే వచ్చి టీ కాచుకుని, సిరాదిండు తడుపుకుని కిటికీ తీసేది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎవరి పాస్‌పోర్టులోనైనా ముద్రకి చోటు మిగలకపోతే దాన్ని రెండు అరచేతుల మధ్య కాసేపు పెట్టుకునేది. లోపల కొత్త కాగితం మొలిచేది. అందరికీ మొలిచేది కాదు. మొలిచిన రోజున పై అధికారి సగిన్‌బెక్ కళ్ళజోడు సర్దుకుని, "పేజీ నంబరు వేశావా?" అని మాత్రం అడిగేవాడు.

మే నెలలో ఒక మంగళవారం మాహ్‌రోఖ్ ఆ కిటికీ దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, షిరాజ్‌లో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. స్నేహితురాలు పర్వీన్‌తో కలిసి అక్కణ్ణుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చింది. కొండ దారి దిగుతూ పర్వీన్ పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి కాగితం చూసి ఇద్దరికీ గడువు పెంచడానికి ఒప్పుకున్నారు. పర్వీన్‌కి ముద్ర పడింది. మాహ్‌రోఖ్ పాస్‌పోర్టులో చోటే లేదు. వీసా రేపటితో సరి.

అనార్‌కుల్ పేజీలు తిరగేసింది.

"అబ్బో, ఇన్ని దేశాలే! ఇంట్లోవాళ్ళు ఏమీ అనలేదా?"

"అన్నారు. వాళ్ళు అనడం అయ్యేలోపు మేం ఊరు దాటేశాం."

అనార్‌కుల్‌కి నవ్వాగలేదు. ఈవిడ ముందు తన కుర్చీ మరీ ఇరుకుగా అనిపించింది.

"కొత్త పాస్‌పోర్టుకి నెల పడుతుందమ్మా."

"పర్వీన్ మంచం దిగాలంటే నా భుజం కావాలి. ముద్ర వేసినా వేయకపోయినా నేను కదలను."

అనార్‌కుల్ పాస్‌పోర్టుని అరచేతుల్లోకి తీసుకుంది. టీ చల్లారిపోయింది. వెనక వరసలో ఎవరో విసుక్కుంటే, "ఆగవయ్యా, కాగితం వస్తోంది కదా" అన్నాడు ఇంకొకాయన.

తెరిచి చూస్తే లేత ఆకులా తడితడిగా ఒక పేజీ. దాని వెనకే ఇంకొకటి.

"రెండొచ్చాయి" అంది అనార్‌కుల్.

"నాకొకటి చాలు. దాని కాలు బాగవగానే ఇంటికి పోతున్నాం. సైకిళ్ళు కూడా బేరం పెట్టేశాం."

"ఆ మాట నాకెందుకు చెప్తారు, ఆ రెండో పేజీకి చెప్పండి" అంటూ మొదటి పేజీ మీద ముద్ర గుద్దింది. "నా చేతుల్లో ఇంతవరకూ ఒక్క పేజీ కూడా ఊరికే మొలవలేదు."

మధ్యాహ్నం ఆసుపత్రిలో మాహ్‌రోఖ్ ఆ రెండో పేజీ తెరిచి మంచం మీద పెట్టింది. పర్వీన్ దాన్ని వేలితో నిమిరింది. కిటికీలోంచి తూర్పు కొండల వైపు చూసింది.

"సైకిళ్ళకి వస్తానన్నాడే, అతనికి ఫోన్ చేసి రావద్దని చెప్పు" అంది.

"మరి?"

"ఆ కొండలు దాటితే చైనా. వీసాకి ఫొటోలు అడుగుతారు. ఆ దువ్వెన ఇలా పడెయ్."